హిరజోషి స్కేల్‌లో ట్యూన్ కడితే జపాన్ సంగీతం అవుతుందా?

కీబోర్డు మీద హిరజోషి అనే ఐదు స్వరాల జపాన్ స్కేల్‌లో ట్యూన్లు కడుతున్నానని, విన్నవాళ్లేమో "సినిమాలో జపాన్ సీనుకి వేసే బీజీఎంలా ఉంది" అంటున్నారని రాశారు. నేను ఒసాకాలో ఉద్యోగం చేస్తూ కొన్నేళ్లుగా కోతో అనే జపాన్ తీగల వాద్యం నేర్చుకుంటున్నాను, దానికి చిన్న చిన్న రచనలు కూడా చేస్తుంటాను. మీ స్కేల్ సరిగ్గానే ఉంది. అక్కడితో ఆగిపోతున్నారేమో అనిపించింది.

ఆ స్వరాలు మనకి కొత్త కాదు. షడ్జాన్ని తగిన చోట పెట్టుకుంటే స రి మ ప ద, రిషభ ధైవతాలు రెండూ శుద్ధం. 'కర్ణాటక శుద్ధ సావేరి' రాగం విన్నవాళ్లు ఇట్టే పట్టేస్తారు. స్వరాలు తెలిసినంత మాత్రాన రాగం రాదని మనకి తెలుసు కదా, అక్కడా అంతే.

కోతోకి 13 తీగలు. ఒక్కో తీగ కింద అటూ ఇటూ జరిపే చిన్న బ్రిడ్జి ఉంటుంది. కుడిచేతి మూడు వేళ్లకి గోళ్లు తొడుక్కుని మీటుతాం. ప్రాణమంతా ఎడమచేతిలో ఉంది. బ్రిడ్జికి ఎడమవైపు తీగని కొంచెం నొక్కితే అర స్వరం పెరుగుతుంది, గట్టిగా నొక్కితే పూర్తి స్వరం. నొక్కిపట్టి మీటితే ఒక రుచి, మీటాక నొక్కితే ఇంకో రుచి. మీటిన తీగని బ్రిడ్జి వైపు లాగి వదిలితే స్వరం కాస్త దిగి మళ్లీ లేస్తుంది, దీన్ని హికిఇరో అంటారు. వీణ నేర్చుకున్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. ఏ స్వరం దగ్గర ఎడమచెయ్యి ఏం చేస్తుందో ముందు తేల్చుకున్నాకే నేను మిగతాది రాస్తాను.

మా టీచర్ ఏ ముక్కనైనా ముందు నోటితో అనిపిస్తారు: "తేన్, తోన్, షాన్." షాన్ అంటే మధ్యవేలితో పక్కపక్క తీగలు రెండూ చకచకా మీటడం. కోరోరిన్ అంటే బొటనవేలితో మూడు తీగలు దిగడం. నేను రాసింది ఇలా నోటితో అనలేకపోతే ఆ చోటు మార్చేస్తాను. కీబోర్డు వాళ్లకి కూడా ఈ పద్ధతి చాలా పనికొస్తుంది.

ఇక నిర్మాణం. 17వ శతాబ్దపు సంగీతకారుడు యత్సుహాషి కెంగ్యోదిగా చెప్పే 'రొకుదాన్' అనే కోతో రచనలో ఆరు భాగాలున్నాయి. ఒక్కోటి 104 బీట్లు, మొదటిదానికి మాత్రం నాలుగు ఎక్కువ. పల్లవిలాంటిది తిరిగి రాదు. నిదానంగా మొదలై వేగం పెరుగుతూ పోయి, చివర్లో మళ్లీ నెమ్మదిస్తుంది. మీరు ఇదే పద్ధతిలో, సమానమైన పొడవుతో రెండు భాగాలు రాసి చూడండి.

ఆధునిక కాలంలో రాసినవాళ్లలో మియాగి మిచియోని ముందు వినమంటాను. చిన్నప్పుడే చూపు పోయిన మనిషి. 1921లో 17 తీగల బేస్ కోతో తయారు చేయించారు. 1929లో కోతోకీ, షకుహాచి అనే వెదురు వేణువుకీ 'హారు నో ఉమి' రాశారు. ఆ నిర్మాణంలో పాశ్చాత్య ప్రభావం ఉన్నా, వేళ్లు మాత్రం కోతోవే. ఇంకో స్వరకర్త తకెమిత్సు తోరు దారి వేరు. 1967 నాటి 'నవంబర్ స్టెప్స్'లో బివా అనే తీగల వాద్యాన్ని, షకుహాచిని ఆర్కెస్ట్రాలో కలిపేయకుండా ఎదురెదురుగా నిలబెట్టారు. అది గొప్ప రచనే, కానీ మొదలుపెట్టేవాళ్లకి మియాగి దారే మంచిదని నా గట్టి నమ్మకం.

ప్రస్తుతానికి కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ వీల్‌నే ఎడమచెయ్యి అనుకోండి. రివర్బ్ (ప్రతిధ్వని ఎఫెక్ట్) బాగా తగ్గించండి, కోతో నాదం తొందరగా తగ్గిపోతుంది. మొదటి భాగం అయ్యాక ఆడియో పెట్టండి, ఎక్కడ నొక్కొచ్చో, ఎక్కడ లాగొచ్చో విని చెబుతాను.