నీ కథ నాలుగో పేజీలో మొదలైంది

శ్రీకాకుళం

అమ్మాయీ,

సోమవారం నీ ఉత్తరం అందింది. సంక్రాంతి కథల పోటీ ఫలితాలు వేసిన పేజీని పత్రికలోంచి చింపి మరీ పంపావు. పైన మూడు బహుమతులు, కింద కన్సొలేషన్లు, ఆ కింద చిన్న అక్షరాల్లో "సాధారణ ప్రచురణకు స్వీకరించిన కథలు". ఆ జాబితాలో చివరి నుంచి మూడో పేరు నీది. దాని కింద పెన్నుతో గీత గీశావు, కాగితం చిరిగేంత గట్టిగా. "ఇంక రాయనండీ, రాసినా ఎవరికీ పంపను" అన్నావు.

ఆ రోజు నీకు అన్నం సహించి ఉండదు. మా రోజుల్లో కథతో పాటు సొంత అడ్రసు రాసి, స్టాంపులు అంటించిన కవరు జతచేసి పంపేవాళ్లం. కథ వద్దనుకుంటే ఆ కవర్లోనే తిప్పి పంపేవారు. పోస్ట్‌మాన్ వీధి మొదట్లో ఉండగానే నాకు సంగతి తెలిసిపోయేది. అతని చేతిలో కవరు మీద ఉన్నది నా చేతిరాతే మరి. అమ్మ చూడకుండా తీసుకుని పెరట్లోకి వెళ్లి, నూతి గట్టు మీద కూర్చుని విప్పేదాన్ని. పంపినప్పుడు పెట్టిన మడతలు అలాగే ఉండేవి. గుండుసూది గుచ్చిన చోట మాత్రం ఇంకో చిల్లు పడి ఉండేది. ఆ రెండో చిల్లు చూసి, పోనీలే ఎవరో విప్పారు, చదివారు అనుకుని ఏడుపు ఆపుకునేదాన్ని. కాబట్టి నీ బాధ చిన్నదని నేననను.

"జడ్జీలు నా కథ అసలు చదివారంటారా?" అని అడిగావు. చదివారు. సాధారణ ప్రచురణకు తీసుకున్నారంటే ఎవరో ఒకరు చివరిదాకా చదివి, ఇది అచ్చులో రావాలి అనుకున్నారన్నమాట. నేను న్యాయనిర్ణేతగా కూర్చున్న పోటీల్లో పద్ధతి చెప్తాను విను. ముందు పత్రిక ఆఫీసులోనే ఒక వడపోత. హామీ పత్రం, అంటే ఈ కథ ఇంకెక్కడా పరిశీలనలో లేదని రాసిచ్చే కాగితం, అది లేనివి, పేజీలు మించినవి అక్కడే ఆగిపోయేవి. మిగిలినవాటికి పేర్లు తీసేసి, నంబర్లు వేసి మా ముగ్గురికీ పంపేవారు. ఎవరికి వాళ్లం నూటికి మార్కులు వేసేవాళ్లం. ఆఫీసువాళ్లు ఆ మూడూ కూడేవారు.

ఆ కూడికలో ఏం జరుగుతుందో ఒకసారి లెక్క వేసి చూడు. ఒక కథ ఇద్దరికి విపరీతంగా నచ్చింది, 90, 86 వేశారు. మూడో ఆయనకి అస్సలు నచ్చలేదు, 38 వేశారు. మొత్తం 214. ఇంకో కథ ఎవరికీ పెద్దగా నచ్చలేదు, తప్పు పట్టడానికీ ఏమీ లేదు. 72, 74, 71. మొత్తం 217. రెండోదే పైకి వచ్చింది. ఇందులో మోసం లేదు, పైరవీ లేదు. ముగ్గురు మనుషులు నిజాయితీగా చదివితే కూడా ఇలా జరుగుతుంది. ప్రతి పోటీలోనూ ఇలాగే అవుతుందని కాదు. చాలాసార్లు మంచి కథకే బహుమతి వస్తుంది, అది చూసి నేను సంతోషించిన రోజులూ ఉన్నాయి.

నా వల్ల జరిగిన ఒక అన్యాయం కూడా చెప్పాలి. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. ఒక దసరా పోటీకి నా దగ్గరికి కథల కట్ట వచ్చింది. మధ్యాహ్నం భోజనం అయ్యాక మంచం మీద పరుచుకుని చదవడం మొదలుపెట్టాను. కొడుకు అమెరికాలో, తండ్రి వృద్ధాశ్రమంలో. తరవాతి కథా అదే. ఒకటి వదిలి ఇంకోటి, మళ్లీ అదే. ఐదో వృద్ధాశ్రమం కథకి నాకు ఓపిక పోయింది. ఆరోది ఆశ్రమం గేటు దగ్గర మొదలయ్యేసరికి గబగబా పేజీలు తిప్పి 52 వేసి పక్కన పడేశాను. ఆరు నెలల తరవాత ఆ కథ వేరే పత్రికలో వచ్చింది. తీరిగ్గా చదివాను. ఆ ముసలాయన పక్క మంచం ఆయనకి సంతకం చేయడం నేర్పుతాడు, రోజుకి ఒక్కో అక్షరం. చివరికి ఆ సంతకం ఏ కాగితం మీద పడుతుందో చదివి, పత్రిక మూసి, కాసేపు కదల్లేకపోయాను. ఆ రచయితకి మెచ్చుకుంటూ కార్డు రాశాను గానీ, 52 వేసింది నేనేనని రాయడానికి ధైర్యం చాలలేదు. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతూనే ఉంది. ఆ తరవాత నేను రోజుకి ఆరు కథలకి మించి చదవలేదు. అంచేత ఫలితాల పేజీ చూసి నీ కథ విలువ తేల్చేసుకోకు. ఆ కట్టలో నీ కథకి ముందు ఏ కథ ఉందో, చదివేవాళ్లు ఎంత అలిసిపోయి ఉన్నారో ఆ పేజీలో రాయరు.

సరే, ఇక నీ కథ సంగతి. రెండుసార్లు చదివాను, రెండోసారి పైకి చదివాను. పలాసలో జీడిపిక్కలు కొట్టే అమ్మ, జీడి రసం తగిలి తగిలి వేలి గీతలు అరిగిపోయిన చేతులు, రేషన్ డీలర్ దగ్గర మిషన్ మీద పడని వేలిముద్ర. ఇది నువ్వు తప్ప ఇంకెవరూ రాయలేని కథ. ఆవిడ వేలు కొంగుకి తుడుచుకుంటుంది, పెడుతుంది, పడదు. నాలిక మీద తడి చేసుకుని పెడుతుంది, పడదు. వెనక లైన్లో ఎవరో "ఆ చెయ్యి పెట్టు పిన్నీ" అంటారు. ఆవిడ రెండో చెయ్యి కొంగు చాటున దాచుకుంటుంది, అది ఇంకా నల్లగా ఉందని. అక్కడ నా గొంతు పట్టేసింది.

కానీ అమ్మాయీ, ఆ చెయ్యి నాకు నాలుగో పేజీలో కనిపించింది. మొదటి పేజీ అంతా సూర్యోదయం. రెండో పేజీలో పలాస ఊరి చరిత్ర, మూడో పేజీలో ఆవిడ పెళ్లి. అవన్నీ నువ్వు కథలోకి వెళ్లడానికి వేసుకున్న మెట్లు. రాసేటప్పుడు కావాలి, నాకూ కావాలి. రాయడం అయ్యాక తీసేయాలి. చివరి పేరాలో ఆ కుర్ర వాలంటీరు చేత ప్రభుత్వం గురించి ఉపన్యాసం చెప్పించావు. ఆ దాచుకున్న చెయ్యి చూశాక నాకు ఆ ఉపన్యాసం అక్కర్లేకపోయింది. పాఠకుడికి అర్థం కాదేమోనన్న టెన్షన్ నీది. అర్థమవుతుంది, నమ్ము.

ఈ పని మాత్రం ఇవాళే చేయకు. పదిహేను రోజులు ఆ కాగితాలు కంటికి కనపడకుండా ట్రంకు పెట్టెలో పెట్టెయ్యి. కోపంలో దిద్దిన కథలో కోపమే కనిపిస్తుంది. ఆ పదిహేను రోజుల లోపే చేయాల్సిన పని ఒకటుంది. సాధారణ ప్రచురణకు తీసుకున్నారు కాబట్టి ఈ కథని వేరే పోటీకి పంపకూడదు, పరిశీలనలో లేదని హామీ పత్రం రాయలేవు కదా. ఎడిటర్‌కి రెండు లైన్లు రాయి: కథ స్వీకరించినందుకు కృతజ్ఞతలు, కంపోజింగ్‌కి వెళ్లకముందు సవరించిన ప్రతి పంపొచ్చా అని. చాలామంది ఎడిటర్లు సరేనంటారు. కాదంటే ఉన్నది ఉన్నట్టు వేయనీ, రేపు సంపుటి వేసుకునేటప్పుడు దిద్దుకోవచ్చు.

మీ స్నేహితుడికి రెండో బహుమతి వచ్చిందని, "వాడి కథ కన్నా నాదే బాగుందని అందరూ అంటున్నారు" అని రాశావు. ఆ అందరూ వాడి దగ్గర ఏమంటున్నారో నీకు తెలీదు. ఇవాళ సాయంత్రం వాడికి ఫోన్ చేసి అభినందించు. కష్టంగా ఉంటుంది, అయినా చెయ్యి. వాట్సాప్ గ్రూపుల్లో జడ్జీల గురించి ఒక్క ముక్క కూడా రాయకు. వాడి కథ పది రోజుల తరవాత చదువు, మొదటిసారి ఉత్త పాఠకురాలిలా, రెండోసారి పెన్సిల్ పట్టుకుని. మొదటి పేజీలో వాడేం చేశాడో చూడు.

వాడు కూడా మొదటిది రాలేదని లోపల బాధపడుతూ ఉండొచ్చు. పాలగుమ్మి పద్మరాజు గారి 'గాలివాన'కి 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ ప్రపంచ కథల పోటీలో వచ్చింది రెండో బహుమతే. ఆ కథ చదివినవాళ్లకి గుర్తుండేది ఆ తుఫాను రాత్రి, ఆ చిన్న రైల్వే స్టేషను, రావుగారి పక్కన ఆ బిచ్చమెత్తుకునే ఆడమనిషి.

మా ఊళ్లో విశాఖ ఎ కాలనీలో కథానిలయం ఉంది కదా, తెలుగు కథల కోసమే కథకుడు కారా మాస్టారు (కాళీపట్నం రామారావు గారు) 1997 ఫిబ్రవరిలో తెరిచిన లైబ్రరీ. నేను అప్పుడప్పుడూ అక్కడ పాత ప్రత్యేక సంచికలు తిరగేస్తుంటాను. కొన్ని కథల పైన "బహుమతి పొందిన కథ" అని ముద్ర ఉంటుంది, కొన్నింటికి ఉండదు. నేను వెతుక్కుంటూ వెళ్లి మళ్లీ చదివే కథల్లో చాలావాటికి ఆ ముద్ర లేదు. కొన్నింటికి ఉంది, అవీ గొప్పవే.

వచ్చే ఏడు నీకే మొదటి బహుమతి వస్తే ఏం చేయాలో కూడా ఇప్పుడే చెప్పేస్తాను. నాకు ఒకసారి వచ్చింది, చివర్లో మెలిక ఉన్న కథకి. ఆ తరవాత వరసగా నాలుగు కథలు అదే అచ్చులో పోశాను, చివర్లో మెలికతో. రెండేళ్లు అలా పోయాయి. ఆ నాలుగింట్లో ఒక్క మనిషి ముఖం కూడా ఇవాళ నాకు గుర్తు లేదు. శాలువా కప్పించుకో, చెక్కు అమ్మ చేతికివ్వు, మర్నాడు పొద్దున్నే ఆ కథతో సంబంధం లేని ఇంకో కథ మొదలుపెట్టు.

దిద్దిన ప్రతి పట్టుకుని ఒక ఆదివారం మా ఇంటికి రా. పొద్దున్న పలాసలో రైలెక్కితే భోజనాల వేళకి ఇక్కడుంటావు. నువ్వు పైకి చదువు, నేను వింటాను. నాలుక ఎక్కడ తడబడుతుందో అక్కడ గుర్తు పెడదాం.

ఇంకో మాట. కథలోని అమ్మ మీ అమ్మగారేనని ఉత్తరం చివర రాశావు. ఈ నెలైనా ఆవిడ వేలిముద్ర పడిందా, బియ్యం ఇచ్చారా? పడకపోతే కంటిపాపతో తీసుకునే మిషన్ ఉందేమో డీలర్‌ని అడగండి. ఏ సంగతీ వెంటనే రాయి.

ఆశీస్సులతో,
మీ అమ్మమ్మ వయసు మనిషి