ఉగ్రవాద సంస్థల జాబితా మీద బిల్లు రాసేముందు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

వాషింగ్టన్‌లో కాంగ్రెస్ సభ్యుడి ఆఫీసులో విదేశీ వ్యవహారాల ఫైళ్లు నీకు అప్పగించారని అమ్మ చెప్పింది. 'ఫలానా సంస్థను ఉగ్రవాద జాబితాలో చేర్పించండి' అనో, 'తీయించండి' అనో అర్జీలు నీ బల్ల మీదికి వస్తూనే ఉంటాయి.

ముందు ఏ జాబితాయో తేల్చుకో. విదేశీ ఉగ్రవాద సంస్థల జాబితాను, అంటే ఎఫ్‌టీఓను, వలస చట్టం 219వ సెక్షన్ కింద విదేశాంగ మంత్రి ప్రకటిస్తారు. ఆ సెక్షన్ వచ్చింది 1996లో. 2001 నాటి 13224 అధ్యక్ష ఉత్తర్వు కింద నడిచే ఎస్‌డీజీటీ జాబితా, అంటే ఆస్తులు స్తంభింపజేసే 'ప్రత్యేకంగా గుర్తించిన ప్రపంచ ఉగ్రవాదుల' జాబితా వేరు. ఉగ్రవాదానికి కొమ్ముకాసే దేశాల జాబితా ఇంకా వేరు. యెమెన్‌లోని సాయుధ సంస్థ హౌతీలనే చూడు: 2021 జనవరిలో ఎఫ్‌టీఓలోకి ఎక్కారు, ఫిబ్రవరిలో దిగారు, 2024లో ఎస్‌డీజీటీలో మాత్రమే చేరారు, 2025 మార్చిలో మళ్లీ ఎఫ్‌టీఓ. అర్జీలో 'బ్లాక్‌లిస్టు' అని రాసి ఉంటే ఫోన్ చేసి ఏ జాబితాయో అడుగు.

219లో మూడు షరతులున్నాయి. సంస్థ విదేశీది కావాలి. అది ఉగ్రవాద చర్యలకు దిగుతూనైనా ఉండాలి, లేదా దిగే సత్తా, ఉద్దేశం రెండూ దానికి ఉండాలి. మూడోది, అమెరికా పౌరులకో జాతీయ భద్రతకో దానివల్ల ముప్పుండాలి. అర్జీలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఎంత ఘోరాల చిట్టా పెట్టినా ఆ ముప్పు చూపకపోతే లాభం లేదు. అయితే భద్రత అన్న మాటలో విదేశీ సంబంధాలు, ఆర్థిక ప్రయోజనాలు కూడా కలిపారు కాబట్టి వెతికితే దారి దొరుకుతుంది.

ఇక కాంగ్రెస్ వాటా. ప్రకటనకు 7 రోజుల ముందు సభానాయకులకు, సంబంధిత కమిటీల సభ్యులకు రహస్య సమాచారం పంపాలి. ఎవరినీ ఓటు అడగరు. ఆ గడువు దాటాక ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో ప్రకటన అచ్చవుతుంది, అప్పటినుంచి అమలు. రహస్య పత్రాలు చూసే క్లియరెన్స్ లేకుండా ఆ రహస్య సమాచార కాగితం ముట్టుకోకు.

ప్రకటనను ఆపే, రద్దుచేసే అధికారం కాంగ్రెస్‌కు 219(ఎ)(5)లో ఒకే వాక్యంలో ఉంది. అందులో 'యాక్ట్ ఆఫ్ కాంగ్రెస్' అన్న మాట దగ్గర ఆగు. అంటే చట్టమే చేయాలి, ఉత్త తీర్మానం చాలదు. 1983లో చాధా కేసులో సుప్రీంకోర్టు 'శాసనసభ వీటో'ను, అంటే చట్టం చేయకుండా తీర్మానంతోనే ప్రభుత్వ నిర్ణయాన్ని రద్దుచేసే పద్ధతిని, కొట్టేసింది కనుక రెండు సభలూ గెలవాలి, అధ్యక్షుడు సంతకం పెట్టాలి, లేదా మూడింట రెండొంతుల మెజారిటీతో ఆయన వీటోను దాటాలి. 7 రోజుల్లో అయ్యే పనా? నన్నడిగితే అది అటకెక్కించిన కత్తి. బ్రిటన్‌లో ఇలాంటి నిషేధాలకు పార్లమెంటులో ఓటుంది కదా అంటారు. 2025 జులైలో మూడు సంస్థలను ఒకే ఉత్తర్వులో కట్టి తెస్తే ఎంపీలు విడదీయలేక మొత్తానికే ఓటెయ్యాల్సొచ్చింది, 385–26.

పనిచేసే పద్ధతి, అఫ్ఘాన్ సాయుధ ముఠా హక్కానీ నెట్‌వర్క్ మీద కాంగ్రెస్ చేసిన హక్కానీ చట్టంలో ఉంది. 2012 ఆగస్టు 10న సంతకమైంది. 'హక్కానీ నెట్‌వర్క్‌ను చేర్చండి' అనలేదు. 219 షరతులు దానికి వర్తిస్తాయో లేదో 30 రోజుల్లో నివేదిక ఇవ్వమంది, వర్తించవంటే ఏ షరతు తప్పిందో విడమరచమంది. సెప్టెంబరు 7న విదేశాంగ శాఖ వర్తిస్తాయని ఒప్పుకుంది, 19న ప్రకటన అచ్చయింది. నీ ముసాయిదాలోనూ తేదీ పెట్టు, కారణం అడుగు. 'సభ అభిప్రాయం' అని మొదలయ్యే తీర్మానాలకు చప్పట్లే గాని బలం ఉండదు. 219 వలస చట్టంలో ఉంది కనుక బిల్లు జ్యుడీషియరీ (న్యాయ వ్యవహారాల) కమిటీకి పోవచ్చు. అక్కడి సిబ్బందితో ముందే మాట్లాడుకో.

తీయించమని వచ్చినవాళ్లకు ఉత్తరాలు రాసి ఆశ పెట్టకు. ప్రకటన అచ్చయిన 30 రోజుల్లోపు సంస్థ వాషింగ్టన్‌లోని ఫెడరల్ అప్పీలు కోర్టు అయిన డీసీ సర్క్యూట్ కోర్టుకు వెళ్లొచ్చు. అది దాటితే రెండేళ్లకు విదేశాంగ మంత్రికి పిటిషన్ పెట్టుకోవాలి, ఆయన 180 రోజుల్లో తేల్చాలి. జాబితాలో ఉన్న ఇరాన్ ప్రభుత్వ వ్యతిరేక సంస్థ ఇరాన్ ముజాహిదీన్ పిటిషన్ తేలక, నాలుగు నెలల్లో తేల్చమని 2012 జూన్‌లో కోర్టు ఆదేశిస్తే, సెప్టెంబరులో గాని పేరు పోలేదు. అందుకే వాళ్లు కుర్చీలో కూర్చోగానే నువ్వు అడగాల్సింది అచ్చయిన తేదీ.

మీ మామయ్య