పాపకు భోగిపళ్లు పోసి, టీకా వేయించి, అప్పుడు విమానం ఎక్కండి

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది భీమవరం దగ్గర పల్లెటూరు. మా పాపకు ఏడు నెలలు నిండాయి. బరువు ఏడున్నర కిలోలు. తల్లిపాలతో పాటు ఉగ్గు పెడుతున్నాం. రొయ్యల చెరువు పట్టుబడి అయిపోయింది కాబట్టి సంక్రాంతి లోపు నాలుగు రోజులు విదేశం వెళ్లొద్దామని మావారు అంటున్నారు. ఆయన మాల్దీవులు అంటారు. నాకు ఎప్పటినుంచో స్విట్జర్లాండ్ చూడాలని కోరిక. మా తోడికోడలు వాళ్లు బాలి వెళ్లొచ్చి అదే బాగుంటుందంటున్నారు. మా అత్తగారేమో ‘గోదావరి దాటని పిల్లను సముద్రం దాటిస్తారా’ అని ఒకటే గొడవ. ఇంత చిన్నపిల్లతో వెళ్లొచ్చా? వెళ్తే ఎక్కడికి మంచిది?
– ఒక పాఠకురాలు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: వెళ్లొచ్చమ్మా. నెలలు నిండి పుట్టి, గుండె, ఊపిరితిత్తుల సమస్యలేవీ లేకుండా బరువు పెరుగుతున్న పాపకు విమానం వల్ల ప్రత్యేకంగా వచ్చే ముప్పు ఏమీ లేదు. నెలలు తక్కువగా పుట్టినా, ఊపిరి ఇబ్బందితో ఆస్పత్రిలో ఉండొచ్చినా మాత్రం ముందు మీ పిల్లల డాక్టరుకు చూపించాలి. పైన ఎగిరేటప్పుడు విమానంలో గాలి ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పలచగా ఉంటుంది. అందుకని ఈ జాగ్రత్త.

ఎక్కడికి అన్నది తర్వాత చూద్దాం. ముందు ఎప్పుడు అన్నది తేల్చుకోండి. సంక్రాంతి లోపు అన్నారు. నేనైతే వద్దంటాను. తొమ్మిది నెలలు నిండాక వేసే మీజిల్స్–రుబెల్లా టీకా మీ పాపకు ఇంకా పడలేదు. మీజిల్స్ అంటే తట్టు, గాలి ద్వారా చాలా తేలిగ్గా అంటుకుంటుంది. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి వచ్చిన రక్షణ ఈ వయసుకు తగ్గిపోతూ ఉంటుంది. ఎయిర్‌పోర్టు లాంటి చోట, నాలుగు దేశాల జనం కలిసే చోట, పాపను ఎత్తుకుని తిరగడానికి ఇది సరైన సమయం కాదు. సంక్రాంతికి తొమ్మిది నెలలు నిండుతాయి కదా. పాపకు భోగిపళ్లు పోయండి, ఆ వారంలోనే టీకా వేయించండి, రెండు వారాలు ఆగి ఫిబ్రవరిలో బయల్దేరండి. పండక్కి ఊళ్లో ఉన్నారని మీ అత్తగారి గొడవా సగం తగ్గుతుంది.

తప్పనిసరై ముందే వెళ్లాల్సి వస్తే, ఆరు నెలలు దాటిన పిల్లలకు ఈ టీకా ఒక డోసు ముందుగా వేసే వీలుంది. కానీ అది లెక్కలోకి రాదు. తొమ్మిదో నెలలో వేసేదీ, పదహారో నెల తర్వాత వేసేదీ మళ్లీ వేయించాల్సిందే. ఫ్లూ టీకా కూడా వేయించండి. మొదటిసారి కాబట్టి నాలుగు వారాల తేడాతో రెండు డోసులు పడాలి. ఇప్పుడే మొదలుపెడితే ఫిబ్రవరికి సరిపోతుంది.

ఇక ఊళ్ల సంగతి. అందరూ విమానంలో ఎన్ని గంటలు అని లెక్కేస్తారు. మీరు ఇంటి గుమ్మం నుంచి హోటల్ మంచం దాకా ఎన్ని గంటలో లెక్కేయండి. భీమవరం నుంచి శంషాబాద్ చేరడానికే ఒక రాత్రి పోతుంది. ఆ పైన ఎయిర్‌పోర్టులో మూడు గంటలు, మధ్యలో విమానం మారడం ఉంటే ఇంకో నాలుగు. పాప ఏడ్చేది విమానంలో అనుకుంటాం గానీ, ఎక్కువగా ఈ మధ్య మధ్య గంటల్లోనే ఏడుస్తుంది.

మీ కోరికతో మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి. స్విట్జర్లాండ్ ఇప్పుడు వద్దు. మనవాళ్లు అక్కడికి వెళ్తే యూంగ్‌ఫ్రావ్ కొండ రైలు ఎక్కకుండా రారు. ఆ స్టేషన్ 3,454 మీటర్ల ఎత్తులో ఉంది. సముద్రానికి కూతవేటు దూరంలో పెరుగుతున్న పిల్లను ఒక్క పూటలో అంత ఎత్తుకు తీసుకెళ్తే తలనొప్పి, వికారం రావొచ్చు. పెద్దవాళ్లమైతే చెప్పుకుంటాం. పాపకు ఏడుపు ఒక్కటే భాష. ఏడాది లోపు పిల్లలను అంత ఎత్తుకు తీసుకెళ్లొద్దనే చెబుతాం. ఫిబ్రవరిలో చలి సరేసరి. మూడేళ్లు ఆగండి, మంచు ఎక్కడికీ పోదు అనబోయాను. అక్కడి హిమానీనదాలు కరిగిపోతున్న మాట నిజమే అయినా, మూడేళ్లు ఆగొచ్చు.

మాల్దీవులు అందంగా ఉంటాయి, కాదనను. అక్కడ చాలా రిసార్టులు ఒక్కో దీవికి ఒక్కటిగా ఉంటాయి. దూరపు దీవులకు స్పీడ్ బోటులోనో, నీటి మీద దిగే చిన్న విమానంలోనో వెళ్లాలి. ఆ చిన్న విమానాలు చీకటి పడ్డాక ఎగరవు. రాత్రి రెండింటికి పాపకు 103 జ్వరం వస్తే పెద్దాస్పత్రి ఉన్న మాలే చేరడం ఎలా? మీవారిని ఈ ఒక్క ప్రశ్న అడగండి. ఆయనకు మరీ మనసైతే, మాలేకు దగ్గరగా, బోటులో కాసేపట్లో చేరే దీవి చూసుకోమనండి.

బాలికి మీ తోడికోడలు వాళ్ల పిల్లలు ఏ వయసులో వెళ్లారో రాయలేదు. అక్కడ 2008 నుంచి కుక్కల్లో రేబిస్ ఉంది. ఉబుద్ కోతుల వనం ఫొటోలు బాగుంటాయి గానీ, కోతి గీరినా టీకాల కోర్సు మొదలుపెట్టాల్సిందే. రేబిస్ మన దగ్గర లేదా అంటే ఉంది. కానీ ఇక్కడైతే కుక్క కరిస్తే ఏ ఆస్పత్రికి పరుగెత్తాలో మీకు తెలుసు.

నన్నడిగితే రెండు పేర్లు చెబుతాను: సింగపూర్, శ్రీలంక. సింగపూర్‌కు విశాఖ నుంచి నేరుగా విమానం ఉంది, సుమారు నాలుగు గంటలు. గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. పాప నిద్ర ఒకటి రెండు రోజుల్లో సర్దుకుంటుంది. కుళాయి నీళ్లే తాగొచ్చు. కేకే హాస్పిటల్ అని పిల్లలకూ స్త్రీలకూ ప్రత్యేకంగా పెద్దాస్పత్రి ఉంది, 24 గంటలూ పిల్లల ఎమర్జెన్సీ చూస్తారు. ఫిబ్రవరి నాటికి అక్కడి వానలూ తగ్గుముఖం పడతాయి. ఖర్చు మాత్రం ఎక్కువ.

శ్రీలంక ఇంకా సులువు. గడియారం తిప్పక్కర్లేదు, మన టైమే. సర్కార్ ఎక్స్‌ప్రెస్‌లో చెన్నై చేరితే అక్కడి నుంచి కొలంబో గంటన్నర. అన్నం, పప్పు, కొబ్బరి, ఇడియాప్పం దొరుకుతాయి. కొలంబోలో లేడీ రిడ్జ్‌వే అనే పెద్ద పిల్లల ఆస్పత్రి ఉంది. 2016లో మలేరియా లేని దేశంగా ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తించింది. ఫిబ్రవరిలో పడమర, దక్షిణ తీరాల్లో పొడిగా ఉంటుంది. కాండీ, నువర ఎలియా, గాలె అని ఊళ్లన్నీ చుట్టే ప్యాకేజీ మాత్రం తీసుకోకండి. రోజుకో హోటల్ మారితే పాపకు ఏ మంచమూ అలవాటు కాదు. ఒకే చోట మూడు రాత్రులు ఉండండి.

ఈ రెండు చోట్లా డెంగీ ఉంది. ఆ దోమ పగలే కుడుతుంది. దోమలు మనకు కొత్త కాదు కాబట్టి అలవాటైన సంగతే: ఒళ్లంతా కప్పే పలచని నూలు బట్టలు, పడుకునే చోట మడత దోమతెర. ఎండలో పది నుంచి నాలుగు దాకా బీచ్‌కు తీసుకెళ్లకండి.

విమానంలో పిల్లలు ఏడవడానికి ముఖ్య కారణం చెవిపోటు. ఎక్కేటప్పటికన్నా దిగేటప్పుడు ఎక్కువ. దిగడానికి సుమారు అరగంట ముందు నుంచే విమానం కిందికి వస్తుంటుంది. అప్పుడు పాప నిద్రపోతున్నా లేపి పాలు పట్టండి. గుటక వేస్తే చెవులు తెరుచుకుంటాయి. కొందరు నిద్రమందు రాయమని అడుగుతారు. ప్రోమెథజైన్ లాంటి సిరప్పులు రెండేళ్ల లోపు పిల్లలకు ఇవ్వకూడదు, ఊపిరి మందగించే ప్రమాదం ఉంది. జలుబు సిరప్పుల్లో చాలావాటిని నాలుగేళ్ల లోపు పిల్లలకు వాడొద్దని మన ప్రభుత్వమే 2023లో చెప్పింది.

నిద్ర మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి. కొన్ని ఇళ్లలో పిల్లలు బాగా పడుకుంటారని గసగసాలు నూరి పాలల్లో కలిపి పడతారు. ఇంట్లో కూడా ఆ పని చేయకండి. ఇక సింగపూర్‌లో, దుబాయ్‌లో గసగసాలు నిషేధం, మాదకద్రవ్యాల చట్టం కింద చూస్తారు. అమ్మమ్మ ఇచ్చిన మసాలా పొడిలో అవి కలిశాయేమో అడిగి మరీ సర్దుకోండి. ఎండు కొబ్బరి చిప్పలూ విమానంలోకి రానివ్వరు, మంట అంటుకునే సరుకు కింద లెక్క. కోనసీమ చుట్టాలు మూటగట్టి ఇచ్చేలోపే చెప్పేయండి.

మా అబ్బాయి ఎనిమిదో నెలలో మేమూ సింగపూర్ వెళ్లాం. ఉగ్గుపొడి, గిన్నె, చెంచా అన్నీ చక్కగా పెద్ద సూట్‌కేసులో సర్దాం. సూట్‌కేసు రెండు రోజులు ఆలస్యంగా వచ్చింది. పిల్లల డాక్టరునై ఉండీ చేతిసంచిలో నేను పెట్టుకున్నది ఒక పుస్తకం! అక్కడి ఫుడ్ కోర్టుల్లో మన గంజన్నం లాంటి బియ్యపు జావ దొరుకుతుంది. ఉప్పు, సాసు వేయకముందే రెండు గరిటెలు తీసివ్వమని అడుక్కుని గడిపాం. మీరు మాత్రం ఒకటిన్నర రోజుకు సరిపడా ఉగ్గు, రెండు జతల బట్టలు, డైపర్లు, మందులు అన్నీ చేతిసంచిలోనే పెట్టండి. చేతిసంచిలో ద్రవాలకు ఉండే 100 మిల్లీలీటర్ల నిబంధన పాప తిండికీ, పాలకూ అడ్డం రాదు, తనిఖీ దగ్గర తీసి చూపిస్తే చాలు.

మందుల్లో ముఖ్యం పారాసిటమాల్. ఇక్కడే జనం పొరబడతారు. డ్రాప్స్ సీసాలో ఒక్క మిల్లీలీటరులోనే 100 మి.గ్రా. మందు ఉంటుంది. సిరప్‌లో అయితే ఐదు మిల్లీలీటర్లకు 120 గానీ 250 గానీ. సిరప్ కొలతలో డ్రాప్స్ పోస్తే రెండు నుంచి నాలుగు రెట్లు పడిపోతుంది. ఫిబ్రవరికి పాప ఎనిమిది కిలోలు దాటుతుంది, అప్పుడు డ్రాప్స్ సుమారు ఒక మిల్లీలీటరు చాలు, ఆరు గంటలకోసారి. బయల్దేరే ముందు బరువు తూయించి, ఎంత పోయాలో డాక్టరు చేత సీసా మీదే రాయించుకోండి. ఓఆర్ఎస్ పొడి ప్యాకెట్లు నాలుగు తీసుకెళ్లండి, ఒక్కో పెద్ద ప్యాకెట్టూ లీటరు నీళ్లలో మొత్తం కలపాలి. అట్టపెట్టెల్లో వచ్చే తియ్యటి పానీయాలు ఓఆర్ఎస్ కాదు. ఆ పేరు వాటి మీద వాడొద్దని మన దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది కూడా.

పాపకు సొంత పాస్‌పోర్టు కావాలి, మీ దాంట్లో చేర్చరు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు నెలల పిల్లలకు వర్తిస్తుందో లేదో ఏజెంటు చేత కాగితం మీద చూపించుకోండి. కొన్ని విమానాల్లో ముందు వరుసలో ఉయ్యాల తొట్టి తగిలించే సీటు ఉంటుంది, టికెట్టుతో పాటే అడగండి.

బయల్దేరే ముందు రెండు రోజుల్లో జ్వరం వచ్చినా, చెవి కారినా, డొక్కలు ఎగరేస్తూ ఊపిరి తీస్తున్నా ప్రయాణం ఆపేయండి. టికెట్లు కొనేటప్పుడే తేదీ మార్చుకునే వీలున్నవి చూసుకోండి. తిరిగొచ్చాక మూడు వారాల లోపు జ్వరం వస్తే, ఏ ఊరు వెళ్లొచ్చారో డాక్టరు అడగక ముందే చెప్పండి.