విదేశీ కంపెనీకి ఇంటి నుంచి పని: పన్ను లెక్క ముందే తేల్చుకోండి

ప్రశ్న: మాది ఖమ్మం. మా అమ్మాయి బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో రెండేళ్లు ఉద్యోగం చేసింది. ఇప్పుడు అమెరికాలోని ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇంటి నుంచే పని ఇస్తామంటోంది. మన లెక్కలో నెలకు రెండున్నర లక్షలు. పన్నేమీ కోయకుండా మొత్తం పంపుతారట. బయటి దేశం డబ్బుకు ఇక్కడ పన్ను లేదని బంధువులు అంటున్నారు. నా పెన్షన్ ఖాతాలో వేయించుకుంటే ఏ ఇబ్బందీ ఉండదని ఇంకొకరు చెప్పారు. ఏది నిజం? ఈ ఉద్యోగంలో చేరమనవచ్చా?

జవాబు: చేరమనవచ్చు. కానీ ఆ రెండు సలహాలూ తప్పే. రెండోది మరీ ప్రమాదం.

అమ్మాయి ఖమ్మంలో కూర్చుని పని చేస్తోంది. ఏడాదిలో 182 రోజులకు మించి ఇక్కడే ఉంటుంది కాబట్టి పన్ను చట్టం దృష్టిలో ఆమె భారతదేశ నివాసి. నివాసికి డబ్బు ఏ దేశం నుంచి వచ్చినా, ఏ ఖాతాలో పడినా ఇక్కడ పన్ను లెక్కలోకి రావాల్సిందే. విదేశీ ఆదాయానికి పన్ను లేదన్న మాట ఎన్‌ఆర్‌ఐలకు సంబంధించినది. దుబాయ్‌లోనో డాలస్‌లోనో ఉండి సంపాదించేవాళ్ల నియమాన్ని మీ బంధువులు మీ ఇంటికి అన్వయిస్తున్నారు.

ఇక మీ ఖాతా సంగతి. సంపాదన ఆమెది, పన్ను బాధ్యతా ఆమెదే. మీ ఖాతాలో నెలనెలా డాలర్లు పడుతుంటే ఆ డబ్బు ఎక్కడిదో మీరు జవాబు చెప్పుకోవాలి. విదేశం నుంచి వచ్చే ప్రతి మొత్తానికీ, అది దేనికోసం వచ్చిందో చెప్పే పర్పస్ కోడ్ ఒకటి బ్యాంకు వేస్తుంది. తండ్రి ఖాతా కనిపిస్తే కౌంటర్‌లో వాళ్లు చాలాసార్లు పీ1301 అని, అంటే కుటుంబ పోషణకు వచ్చిన డబ్బు అని వేసేస్తారు. అప్పుడు అమ్మాయి రిటర్న్‌లో ముప్పై లక్షల ఆదాయం, ఆమె ఖాతాలో సున్నా, మీ ఖాతాలో కుటుంబ పోషణ. మూడూ ఒకదానికొకటి పొంతన ఉండవు. రేపు ఆమె ఇంటి రుణానికి వెళ్లినా బ్యాంకు అడిగేది ఆమె ఖాతా స్టేట్‌మెంటే. కాబట్టి డబ్బు ఆమె పాన్‌తో ఉన్న ఖాతాలోనే పడాలి. అది కూడా ఈ పనికోసం విడిగా తెరిచిన ఖాతా అయితే మేలు. సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి వేయాల్సిన కోడ్ పీ0802. ఉద్యోగిగా జీతం వస్తుంటే పీ1401. మొదటి మొత్తం పడిన వారంలోనే బ్యాంకు నుంచి విదేశీ చెల్లింపు పత్రం, అంటే ఎఫ్‌ఐఆర్‌ఏ, తీసుకుని కోడ్ సరిచూసుకోమనండి. ఏడాది గడిచాక దిద్దించడం చాలా తిప్పలు.

ఇప్పుడు అసలు విషయం. కంపెనీ పంపే ఒప్పంద పత్రం పన్ను మొత్తాన్నీ మార్చేస్తుంది. అమ్మాయి జీతం అంకె చూసి సంతకం పెట్టేయకుండా, ఆ కాగితంలో తనను ఏమని పిలిచారో చూడాలి. ఉద్యోగి అనా, స్వతంత్ర కాంట్రాక్టర్ అనా? మూడో దారి కూడా ఉంది. ఈఓఆర్ అనే మధ్య సంస్థ ఇక్కడి తన కంపెనీ ద్వారా ఆమెను ఉద్యోగంలోకి తీసుకుని జీతం ఇస్తుంది. అది జరిగితే టీడీఎస్ (జీతంలోంచి ముందే కోసే పన్ను), పీఎఫ్, యజమాని ఏటా ఇచ్చే టీడీఎస్ పత్రం (అందరూ ఫారం 16 అనేది) అన్నీ మామూలు ఉద్యోగంలాగే నడుస్తాయి, మీరు కంగారు పడాల్సిందేమీ లేదు. కాకపోతే యజమాని వాటా పీఎఫ్ కూడా చాలాసార్లు చెప్పిన ప్యాకేజీలోంచే పోతుందని గుర్తుంచుకోండి.

పన్నేమీ కోయకుండా పంపుతామన్నారంటే మీ అమ్మాయి విషయంలో అది కాంట్రాక్టర్ ఒప్పందం అయ్యే అవకాశమే ఎక్కువ. అంటే ఆమెకు వచ్చేది చట్టం ప్రకారం జీతం కాదు, వృత్తి ఆదాయం. ఇక్కడే పెద్ద వెసులుబాటు ఉంది. ఐటీ, ఇంజినీరింగ్, సాంకేతిక కన్సల్టెన్సీ వంటి నిర్దిష్ట వృత్తుల వారు వచ్చిన మొత్తంలో సగాన్ని లాభంగా చూపి, ఆ సగం మీదే పన్ను కట్టవచ్చు. దీన్నే అందరూ 44ఏడీఏ అంటారు. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. ఆడిటర్లు మాత్రం ఇంకా పాత పేరుతోనే పిలుస్తారు. ఏడాది రాబడి 50 లక్షల లోపు ఉండాలి. నగదుగా తీసుకున్నది 5 శాతం మించకపోతే 75 లక్షల వరకు వర్తిస్తుంది. బ్యాంకులోనే డాలర్లు పడేవాళ్లకు ఆ షరతు సమస్యే కాదు.

అంకెల్లో చూడండి. ఏడాదికి 30 లక్షలు వస్తే, సగం 15 లక్షలు. 2025-26 నుంచి అమలైన కొత్త విధానం శ్లాబుల్లో మొదటి 4 లక్షలకు సున్నా, తర్వాతి 4 లక్షలకు 5 శాతం చొప్పున 20 వేలు, ఆపై 4 లక్షలకు 10 శాతం చొప్పున 40 వేలు, మిగిలిన 3 లక్షలకు 15 శాతం చొప్పున 45 వేలు. మొత్తం 1,05,000. దాని మీద 4 శాతం సెస్సు కలిపితే 1,09,200 రూపాయలు. ఇదే 30 లక్షలు జీతంగా వస్తే 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ పోగా 29.25 లక్షల మీద సెస్సుతో కలిపి 4,75,800 కట్టాలి. ఒకే పని, ఒకే డబ్బు, తేడా మూడున్నర లక్షలకు పైనే.

ఈ తేడా చూసి, జీతగాళ్లు కూడా కాంట్రాక్టర్లమని చూపించుకోవాలని ఆశపడతారు. అది చేయకూడదు. ఒప్పందంలో ఉద్యోగి అని రాసి ఉండి, జీతంతో కూడిన సెలవులు, నిర్ణీత పనివేళలు, ఇంకెవరికీ పని చేయకూడదన్న షరతు ఉంటే అది జీతమే. ఒక్క క్లయింటే ఉన్నంత మాత్రాన తప్పు లేదు. కానీ పత్రం ఉద్యోగి అంటుంటే రిటర్న్ కాంట్రాక్టర్ అంటే అధికారి ముందు నిలవదు. అమ్మాయి నిజంగా కాంట్రాక్టరే అయితే కాగితం కూడా అలాగే ఉండేలా సంతకానికి ముందే అడగాలి. నెలనెలా ఇన్‌వాయిస్ పంపాలి, పని ఫలితానికి డబ్బు అని రాసి ఉండాలి, సొంత ల్యాప్‌టాప్, సొంత వేళలు అయితే ఇంకా స్పష్టం.

44ఏడీఏలో జనం పొరపడేది రెండు చోట్ల. ఒకటి, పక్కనే ఉన్న 44ఏడీని ఎంచుకుని 6 శాతమే లాభంగా చూపడం. అది వ్యాపారులకు, ఐటీ వృత్తికి కాదు. పన్ను తగ్గిందని మురిసేలోపు నోటీసు వస్తుంది. రెండోది, ఏ పనికైనా 44ఏడీఏ వర్తిస్తుందనుకోవడం. కంటెంట్ రైటింగ్, డిజిటల్ మార్కెటింగ్ వంటివి చట్టం చెప్పిన జాబితాలో పేరు పెట్టి లేవు. ఆ పనులు చేసే పిల్లలు మాత్రం ఆడిటర్‌తో మాట్లాడకుండా రిటర్న్ వేయకూడదు. ఇంకో మాట కూడా చెప్పాలి. సగం అనేది చట్టం పెట్టిన కనీసం. అంతకంటే తక్కువ లాభం చూపాలంటే ఖాతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు.

ఏడాది రాబడి 24 లక్షలు దాటకపోతే సగం 12 లక్షలు, కొత్త విధానంలో రిబేటు వల్ల పన్ను సున్నా. అయినా రిటర్న్ వేయాల్సిందే. ఆమె పేరున ఉన్న ఎఫ్‌డీల వడ్డీ ఆ 12 లక్షల మీద అదనంగా కలుస్తుందన్నది కూడా మరవకూడదు.

పన్ను ఎప్పుడు కట్టాలి? ఎవరూ టీడీఎస్ కోయరు కాబట్టి అడ్వాన్స్ ట్యాక్స్ ఆమే కట్టుకోవాలి. 44ఏడీఏ వాళ్లకు ఒక్కటే వాయిదా, మార్చి 15 లోపు మొత్తం. ఆ తేదీ దాటితే నెలకు ఒక శాతం చొప్పున వడ్డీ మొదలవుతుంది. విదేశీ కంపెనీ ఉద్యోగిగా తీసుకుని, ఇక్కడ టీడీఎస్ కోయకపోతే నాలుగు వాయిదాలు: జూన్ 15కి 15 శాతం, సెప్టెంబర్ 15కి 45, డిసెంబర్ 15కి 75, మార్చి 15కి పూర్తిగా. పైన చెప్పిన 4,75,800లో తొలి వాయిదానే 71,370. మొదటి రెండు జీతాలతో బైక్ కొన్న కుర్రాడికి జూన్‌లో ఇది ఎక్కడి నుంచి వస్తుంది? అందుకే డబ్బు పడిన రోజే పక్కకు తీసేయాలి. మీ అమ్మాయి లెక్కలో నెలకు పది వేలు రికరింగ్ డిపాజిట్‌లో వేస్తే చాలు, అది మార్చి మొదటి వారంలో చేతికొచ్చేలా పెట్టండి. పోర్టల్‌లో ఈ-పే ట్యాక్స్‌లో కట్టేటప్పుడు అడ్వాన్స్ ట్యాక్స్ అన్న వరుసను, సరైన పన్ను సంవత్సరాన్ని ఎంచుకోవాలి. ఏడాది తప్పు పడితే కట్టిన డబ్బు ఆ ఏడాది లెక్కలో కనిపించక, బాకీ ఉన్నట్టు తేలుతుంది.

ఇక జీఎస్టీ. విదేశానికి సేవ అమ్మితే జీఎస్టీ లేదని అందరూ అంటారు. పన్ను సున్నా అన్నది నిజమే, రిజిస్ట్రేషన్ వద్దన్నది నిజం కాదు. కాంట్రాక్టర్‌గా ఆర్థిక సంవత్సరంలో మొత్తం రాబడి 20 లక్షలు దాటితే, అందులో అంతా ఎగుమతే అయినా, నమోదు తప్పనిసరి. నెలకు రెండున్నర లక్షలైతే తొమ్మిదో ఇన్‌వాయిస్‌తో ఆ గీత దాటుతుంది. దాటిన 30 రోజుల్లోగా దరఖాస్తు చేయాలి. ఇక్కడ మీ సాయం కావాలి. ఇల్లు మీ పేరున ఉంటే కరెంటు బిల్లు లేదా ఇంటి పన్ను రసీదు, ఈ చిరునామాలో మా అమ్మాయి పని చేసుకోవడానికి నాకు అభ్యంతరం లేదని మీరు సంతకం చేసిన పత్రం అడుగుతారు. బిల్లు మీద పేరు తాతగారిదో, పాత యజమానిదో ఉంటే దరఖాస్తు అక్కడే ఆగుతుంది. ముందే మార్పించుకోండి.

నమోదు అయ్యాక పన్ను కట్టకుండా ఎగుమతి చేయడానికి ఎల్‌యూటీ అనే హామీ పత్రం ఆన్‌లైన్‌లో ఇవ్వాలి. ఫీజు లేదు, ఇద్దరు సాక్షుల వివరాలు చాలు. కానీ అది ఆ ఆర్థిక సంవత్సరానికే చెల్లుతుంది. మార్చి 31తో ముగిసిపోయి, మళ్లీ వేయడం మరిచి ఏప్రిల్‌లో ఇన్‌వాయిస్ పంపేవాళ్లే ఎక్కువ. ఎల్‌యూటీ లేకుండా పంపితే 18 శాతం ఐజీఎస్టీ కట్టి, తర్వాత రిఫండు కోసం తిరగాలి. రాబడి అంతా ఎగుమతే అయినా రిటర్నులు మానకూడదు. వేయని ప్రతి రోజుకూ ఆలస్య రుసుము పడుతుంది. ఉద్యోగిగా జీతం తీసుకుంటే మాత్రం జీఎస్టీ ఊసే లేదు.

ఇన్‌వాయిస్ అంటే భయపడక్కర్లేదు, ఒక్క పేజీ. వరుస నంబరు, తేదీ, ఆమె పేరు, చిరునామా, పాన్, ఉంటే జీఎస్టీ నంబరు, కంపెనీ పేరు, దేశం, ఏ నెల ఏ పని, సేవ కోడ్ (సాఫ్ట్‌వేర్ తయారీకి 998314), డాలర్లలో మొత్తం, కింద ఎల్‌యూటీ కింద ఐజీఎస్టీ చెల్లించకుండా ఎగుమతి అన్న వాక్యం. మధ్యలోని బ్యాంకులు కొన్ని డాలర్లు కోసుకుంటాయి కాబట్టి ఇన్‌వాయిస్ మొత్తానికీ, ఖాతాలో పడిన మొత్తానికీ తేడా వస్తుంది. ఆ తేడా ఎందుకొచ్చిందో తెలిపే పత్రాన్ని ఇన్‌వాయిస్‌కు జత చేసి ఉంచాలి.

అమెరికా వైపు పని తక్కువ. కంపెనీ డబ్ల్యూ-8బెన్ అనే ఫారం అడుగుతుంది. నేను అమెరికా పౌరురాలిని కాను, అక్కడి నివాసినీ కాను అని చెప్పే కాగితం అది. విదేశీ పన్ను నంబరు అన్న చోట పాన్ రాయాలి. పని భారత్‌లో కూర్చుని చేస్తోంది కాబట్టి అక్కడ పన్ను కోయరు. ఇది సంతకం చేసిన తర్వాత మూడో క్యాలెండర్ సంవత్సరం చివరి వరకు చెల్లుతుంది. కొన్ని కంపెనీల హెచ్‌ఆర్ వాళ్లు పొరపాటున డబ్ల్యూ-9 పంపుతారు. అది అమెరికా వాళ్లకు. దాని మీద అసలు సంతకం పెట్టకూడదు.

రిటర్న్‌కు సాధారణంగా ఐటీఆర్-4 సరిపోతుంది. పాత ఉద్యోగం జీతం అదే ఏడాదిలో ఉంటే ఆ ఫారం 16 కూడా ఇందులోనే చూపవచ్చు. కానీ కంపెనీ షేర్లు ఇచ్చినా, విదేశీ ఖాతాలో డాలర్లు ఉంచుకున్నా ఐటీఆర్-4 పనికిరాదు. ఐటీఆర్-3 వేసి, విదేశీ ఆస్తుల పట్టిక షెడ్యూల్ ఎఫ్‌ఏ నింపాలి. అందులో లెక్క జనవరి నుంచి డిసెంబర్ వరకు, మన ఏప్రిల్-మార్చి కాదు. దీన్ని దాస్తే నల్లధనం చట్టం కింద 10 లక్షల జరిమానా దాకా వెళ్లవచ్చు కాబట్టి షేర్ల మాట రాగానే ఆడిటర్ దగ్గరికి వెళ్లమనండి. వీటితో పాటు రాష్ట్ర వృత్తి పన్ను కూడా ఉంది. ఏడాదికి 2,500 మించదు.

ఇక చేరాలా వద్దా అన్నది. కాంట్రాక్టర్ పనిలో పీఎఫ్ లేదు, గ్రాట్యుటీ లేదు, ఆరోగ్య బీమా లేదు, ఒక్క మెయిల్‌తో పని ఆగిపోవచ్చు. పన్నులో మిగిలే మూడున్నర లక్షల్లోంచే ఇవన్నీ ఆమె కొనుక్కోవాలి. సొంత బీమా పాలసీ మొదటి నెలలోనే తీసుకోవాలి. ఆరు నెలల ఖర్చుకు సరిపడా సొమ్ము పక్కన పడేదాకా కారు, ఈఎంఐ వద్దు. ఈ క్రమశిక్షణ ఆమెకు ఉందనుకుంటే రెండేళ్ల అనుభవంతో వచ్చిన ఈ అవకాశం మంచిదే. లేదనుకుంటే ఈఓఆర్ ద్వారా తీసుకోమని కంపెనీని అడగమనండి. చేతికి తక్కువ వచ్చినా నిద్ర పడుతుంది.

తర్వాత ఇక్కడి కంపెనీలో చేరాలంటే పాత ఉద్యోగం రుజువులు అడుగుతారు. కాంట్రాక్టర్‌కు పేస్లిప్పులు, రిలీవింగ్ లెటర్ ఉండవు. కాబట్టి ఒప్పందం, ఇన్‌వాయిస్‌లు, ఎఫ్‌ఐఆర్‌ఏలు, రిటర్న్ రసీదులు మొదటి నెల నుంచే ఒక ఫోల్డర్‌లో పెట్టుకోవాలి. ఏడాదికోసారి కంపెనీ మేనేజర్ నుంచి, ఈ తేదీ నుంచి ఈ పని చేస్తోందని కంపెనీ మెయిల్ ద్వారా ఒక లేఖ తెప్పించుకోవాలి. చిన్న కంపెనీ మూతపడ్డాక ఆ లేఖ ఇచ్చేవారెవరూ ఉండరు.