బి.కాం. చదివి గోడౌన్‌లో ఉద్యోగమా?

ప్రశ్న: మాది గుంటూరు. మా అబ్బాయి ఈ ఏడాది బి.కాం. కంప్యూటర్స్ పూర్తి చేశాడు. గన్నవరం దగ్గర ఒక పెద్ద గోడౌన్‌లో ఇన్వెంటరీ ఎగ్జిక్యూటివ్‌గా తీసుకుంటామన్నారు. గ్రాస్ జీతం నెలకు 18 వేలట. వాడికి వెళ్ళాలని ఉంది. మావారు మాత్రం "డిగ్రీ చదివి మూటలు లెక్కపెట్టుకుంటాడా? హైదరాబాద్ పంపి ఏదైనా కంప్యూటర్ కోర్సు చేయిద్దాం" అంటున్నారు. లక్షన్నర కట్టి లాజిస్టిక్స్ డిప్లొమా చేస్తే నేరుగా మేనేజర్ అవుతాడని తెలిసినవాళ్ళు ఇంకొకరు చెప్పారు. అసలు ఈ రంగం నిలబడుతుందా? ఏం చేయమంటారు?

జవాబు: పంపించండమ్మా. కాకపోతే కొన్ని సంగతులు అడిగి తెలుసుకున్నాకే. మీవారి అనుమానంలో సగం నిజం ఉంది. గోడౌన్‌లో ఎదుగూ బొదుగూ లేని ఉద్యోగాలే ఎక్కువ. మీ అబ్బాయిది అలాంటిది కాదనుకోవడానికి ప్రస్తుతం మన చేతిలో ఉన్న ఆధారం ‘ఇన్వెంటరీ’ (అంటే సరుకు నిల్వల లెక్క) అన్న ఒక్క మాటే. ఆ హోదా వెనక ఏ పని ఉందో తేల్చుకోవాలి.

ముందు రంగం సంగతి. 2014 జూన్‌లో రాష్ట్రం విడిపోయేదాకా కంపెనీలు హైదరాబాద్ డిపో నుంచే మన జిల్లాలకు సరుకు పంపుకోగలిగేవి. విడిపోయాక అక్కడి నుంచి బెజవాడ డీలర్‌కు అమ్మితే అది అంతర్రాష్ట్ర అమ్మకమైంది. కేంద్ర అమ్మకం పన్ను 2 శాతం, దానికి తోడు ఆ తక్కువ రేటు కోసం డీలర్ ఇవ్వాల్సిన సి-ఫారాల తలనొప్పి. అదే ఆంధ్రలో సొంత డిపో ఉంటే సరుకును అమ్మకంగా కాకుండా స్టాక్ ట్రాన్స్‌ఫర్‌గా, అంటే సొంత డిపోకు తరలింపుగా, తెచ్చుకోవచ్చు. సి అండ్ ఎఫ్ గోడౌన్లు (కంపెనీ తరఫున సరుకు నిల్వచేసి డీలర్లకు పంపేవి) పెట్టడానికి అప్పట్లో అదొక పెద్ద కారణం. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో ఆ కారణం పోయింది. ఇప్పుడు గోడౌన్ ఎక్కడ ఉండాలో దూరం, డెలివరీ సమయం, అద్దె తేలుస్తున్నాయి. పన్ను కోసమే పుట్టిన చిన్న డిపో రేపు మూతపడొచ్చు. దూరం కోసం పుట్టింది అంత తేలిగ్గా కదలదు.

ఆ లెక్కన బెజవాడకు బలం ఉంది. చెన్నై–కోల్‌కతా 16వ నంబర్ జాతీయ రహదారి, హైదరాబాద్–మచిలీపట్నం 65వ నంబర్ రహదారి ఇక్కడే కలుస్తాయి. ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్ళే 30వ నంబర్ రహదారి బెజవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం దగ్గర మొదలవుతుంది. రాత్రి లోడ్ చేసిన లారీ తెల్లారేసరికి రాజమండ్రిలోనో ఒంగోలులోనో ఉంటుంది. హైదరాబాద్ నుంచి పంపితే దూరం ఇంకా చాలా పెరుగుతుంది. మందులు, సబ్బులు, బిస్కెట్లు, ఆన్‌లైన్ ఆర్డర్లు, వీటిలో వేటికీ అంత ఆలస్యం పనికిరాదు. పైగా 2017 నవంబరులో కేంద్రం లాజిస్టిక్స్‌కు (సరుకు నిల్వ, రవాణా రంగానికి) మౌలిక రంగం హోదా ఇచ్చింది. పెద్ద గోడౌన్లు కట్టేవాళ్ళకు దీర్ఘకాలిక అప్పులు దొరకడం దాంతో కాస్త సులువైంది.

మీవారికి గోడౌన్ అంటే కళ్ళముందు కనిపించేది పాత రకం అయ్యుంటుంది: ఐదారు మీటర్ల ఎత్తున రేకుల షెడ్డు, నేల మీద నెట్లు (బస్తాల దొంతరలు), అన్నీ నోటిలెక్కగా చెప్పే గుమస్తా. కొత్తవాటి ఎత్తు 10 నుంచి 12 మీటర్లు. లోపల నాలుగైదు అంతస్తుల ర్యాకులు. సరుకు 1200 బై 1000 మిల్లీమీటర్ల ప్యాలెట్ల (సరుకు పేర్చే పీటల) మీద ఉంటుంది, రీచ్ ట్రక్కు అనే ఎత్తే బండి దాన్ని పైకి ఎక్కిస్తుంది. అక్కడ ఏ పెట్టె ఎక్కడుందో కంటితో చూసి ఎవరూ చెప్పలేరు. ప్రతి అరకూ ఒక నంబర్ ఉంటుంది, దాన్ని బిన్ లొకేషన్ అంటారు. సరుకు పెట్టినవాడు ఒక అర బదులు పక్క అర నంబర్ స్కాన్ చేశాడంటే, ఆ ప్యాలెట్ గోడౌన్‌లోనే ఉన్నా కంప్యూటర్ దృష్టిలో పోయినట్టే. డీలర్‌కు సరుకు లేదంటారు, ఆరు నెలలకు గడువు తీరిన పెట్టెలు బయటపడతాయి. ఈ నష్టం రాకుండా చూసేవాడే ఇన్వెంటరీ మనిషి. మూటలు మోసేది, లెక్కపెట్టేది వేరేవాళ్ళు. ఆ లెక్కకూ కంప్యూటర్ లెక్కకూ తేడా ఎందుకొచ్చిందో కనిపెట్టడం మీవాడి పని. బి.కాం. చదివినవాడికి ఇది పరాయి పనేం కాదు. బ్యాంక్ రీకన్సిలియేషన్, అంటే బ్యాంకు లెక్కనూ మన పుస్తకం లెక్కనూ సరిపోల్చడం నేర్చుకున్న బుర్రే ఇక్కడా కావాలి.

తేడాలు ఎక్కడ పుడతాయో అతను చేరకముందే తెలుసుకుంటే మంచిది. ఎక్కువ భాగం లారీ దిగే చోటే మొదలవుతాయి. లారీ రాగానే ఇన్‌వాయిస్, ఈ-వే బిల్లు, లారీ రసీదు సరిచూడాలి. తలుపు తెరవకముందే సీలు నంబర్ కాగితంలో ఉన్నదేనా చూడాలి. దించేటప్పుడు లెక్కపెట్టి, తక్కువ వచ్చినా పగిలినా తడిసినా లారీ రసీదు మీద రాయించి డ్రైవర్ సంతకం తీసుకోవాలి. లారీ వెళ్ళిపోయాక గుర్తొస్తే ఆ నష్టం ట్రాన్స్‌పోర్టు వాళ్ళ మీద వేయడం, బీమా క్లెయిమ్ రాబట్టడం మహా కష్టం. ఆ తర్వాతే జీఆర్ఎన్, అంటే సరుకు అందినట్టు సిస్టమ్‌లో ఎంట్రీ. సాయంత్రం రద్దీలో కొందరు లెక్క కాకముందే ఇన్‌వాయిస్‌లో ఉన్న అంకె చూసి జీఆర్ఎన్ కొట్టేస్తారు. ఆ రోజు నుంచి స్టాకు అబద్ధం చెప్పడం మొదలుపెడుతుంది.

ఇంకొకటి యూనిట్ తప్పు. పెట్టెకు 48 సబ్బులుంటే 10 పెట్టెలను 10 సబ్బులుగా ఎక్కించినా, 480 సబ్బులను 480 పెట్టెలుగా ఎక్కించినా గందరగోళమే. బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఎక్కించకపోతే మందుల గోడౌన్‌లో ముందు గడువు తీరేది ముందు పంపే పద్ధతి నడవదు. పగిలిన సరుకును డ్యామేజ్ లొకేషన్‌కు మార్చకపోతే అది అమ్మకానికి ఉన్నట్టే కనిపిస్తుంది. తిరిగొచ్చిన సరుకు సంగతి ఇంకా ఘోరం. ఎవరికీ పట్టని మూల అది, మీవాడు పేరు తెచ్చుకోగలిగిన చోటూ అదే.

రోజువారీ లెక్కను సైకిల్ కౌంట్ అంటారు. ఉదాహరణకు గోడౌన్‌లో 2,000 రకాల సరుకుందనుకోండి. విలువ, కదలిక ఎక్కువున్న 200 రకాలు ‘ఏ’, తర్వాతి 600 ‘బి’, మిగతా 1,200 ‘సి’. ‘ఏ’ని నెలకోసారి, ‘బి’ని మూడు నెలలకోసారి, ‘సి’ని ఆరు నెలలకోసారి లెక్కపెట్టాలంటే నెలకు 200 చొప్పున మూడు వాటాలు, మొత్తం 600. పనిదినాలు 25 అయితే రోజుకు 24 రకాలు. ఈ పని సక్రమంగా నడిచే గోడౌన్‌లో ఏడాది చివర తలుపులు మూసి మొత్తం లెక్కపెట్టే అవస్థ చాలా తగ్గుతుంది.

ఇక కంపెనీని అడగాల్సినవి. మీ అబ్బాయి పేరున సిస్టమ్ లాగిన్ ఇస్తారా, సైకిల్ కౌంట్ ఎవరు చేస్తారు, ఏ సాఫ్ట్‌వేర్ వాడతారు అని మొదట అడగమనండి. "లాగిన్ సూపర్‌వైజర్‌ది, నువ్వు స్కానర్ పట్టుకుని పికింగ్ చేయాలి" అన్నారంటే హోదా ఏదైనా అది పికర్ ఉద్యోగమే. పికింగ్ అంటే ఆర్డర్ ప్రకారం అరల్లోంచి సరుకు తీయడం, అందులో చేతివేగమే కొలమానం. మూడునాలుగు నెలలు నేర్చుకోవడానికి పర్వాలేదు గానీ అక్కడే ఉండిపోతే మీవారి మాటే నిజమవుతుంది. లాగిన్ ఇస్తే దాన్ని ఇంకెవరికీ ఇవ్వొద్దని గట్టిగా చెప్పండి. వేరేవాళ్ళు చేసిన సర్దుబాటు ఎంట్రీలు రేపు ఆడిట్‌లో ఇతని పేరు మీద కనిపిస్తాయి.

రెండోది, జీతం ఎవరి ఖాతా నుంచి పడుతుంది? సరుకు ఒక కంపెనీది, గోడౌన్ నడిపేది ఇంకో లాజిస్టిక్స్ కంపెనీ, మనుషుల్ని పెట్టేది దాని కింద కాంట్రాక్టర్. ఈ రంగంలో ఇది మామూలే. నడిపే కంపెనీ రోల్స్ మీద (నేరుగా దాని ఉద్యోగిగా) ఉంటే ఒక క్లయింటు పని పోయినా ఇంకో సైట్‌కు మార్చే అవకాశం ఉంటుంది. కాంట్రాక్టర్ కింద అయితే క్లయింటుతో పాటే ఉద్యోగమూ పోవచ్చు.

మూడోది, 18 వేలు నిజంగా గ్రాసేనా (కోతలకు ముందు జీతం), లేక సీటీసీనా (ఉద్యోగి మీద కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు)? గ్రాస్ 18,000, అందులో బేసిక్ 12,000 అనుకుంటే పీఎఫ్ 12 శాతం 1,440, ఈఎస్ఐ 0.75 శాతం 135, వృత్తిపన్ను 150. మొత్తం 1,725 పోగా చేతికి 16,275 వస్తుంది. 18 వేలు సీటీసీ అయితే యజమాని కట్టే పీఎఫ్, ఈఎస్ఐ కూడా అందులోంచే పోతాయి కాబట్టి ఇంకా తగ్గుతుంది. జీతం 21 వేల లోపు ఉన్నవాళ్ళకు ఈఎస్ఐ తప్పనిసరి. "పీఎఫ్, ఈఎస్ఐ వద్దంటే చేతికి ఎక్కువ ఇస్తాం" అనే చోట చేరకపోవడమే మేలు. యూనిఫామ్ డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు అంటూ చేరకముందే డబ్బు అడిగే మధ్యవర్తులనైతే గుమ్మం దగ్గరి నుంచే పంపేయండి.

నాలుగోది షిఫ్టులు. గుంటూరు నుంచి గన్నవరం రోజూ వెళ్ళిరావడం పగటి షిఫ్టుకే కష్టం, రాత్రి షిఫ్టుకు కుదరని పని. ఇద్దరు ముగ్గురు కలిసి అక్కడే గది తీసుకోవాలి. దసరా, దీపావళి ముందు వారాల్లో సెలవు దొరకదు. మే నెలలో రేకుల కింద వేడి సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇవన్నీ అబ్బాయికి ముందే చెప్పండి. కొత్తగా చేరినవాళ్ళు నెలల్లోనే మానేసేది ఇక్కడే.

లక్షన్నర డిప్లొమా ఇప్పుడు వద్దు. గోడౌన్ లోపల ఒక్క రోజూ పనిచేయని డిప్లొమా మనిషికి మేనేజర్ కుర్చీ ఎవరూ ఇవ్వరు. లాజిస్టిక్స్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్ గుర్తింపున్న వేర్‌హౌస్ కోర్సులు, అప్రెంటిస్‌షిప్‌లు ఉన్నాయి, కావాలంటే అవి చూడండి. అంతకంటే ముందు ఎక్సెల్. వీ-లుకప్, పివట్ టేబుల్, రెండు జాబితాలు పోల్చి తేడాలు తీయడం, ఈ మూడూ చేతికి అలవాటైతే మొదటి ఏడాది గడిచిపోతుంది. రెండుమూడేళ్ళ అనుభవం వచ్చాక ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెటీరియల్స్ మేనేజ్‌మెంట్ వారి పీజీ డిప్లొమా లాంటిది చేస్తే దానికి విలువ. శాప్ అనే పెద్ద కంపెనీల సాఫ్ట్‌వేర్‌లో వేర్‌హౌస్ మాడ్యూల్ శిక్షణ ఖరీదు. పనిచేసే చోట శాప్ వాడితేనే దాని జోలికి వెళ్ళాలి.

గన్నవరం ఆఫర్ పై ప్రశ్నల దగ్గర నిలవకపోతే, ఇంటి దగ్గరే ఇంకో దారి ఉంది. గుంటూరు చుట్టూ మిర్చి కోల్డ్ స్టోరేజీలు బోలెడు. అందులో గుమస్తా ఉద్యోగం గురించి కాదు నేను చెప్పేది. బ్యాంకులు కోల్డ్ స్టోరేజీ బాండ్ల మీద, గోడౌన్ రసీదుల మీద (సరుకు దాచినట్టు ఇచ్చే కాగితాలివి) రైతులకూ వ్యాపారులకూ అప్పులిస్తాయి. తాకట్టు సరుకు నిజంగా ఉందా, నాణ్యత చెప్పినట్టే ఉందా అని చూసిపెట్టే కొలాటరల్ మేనేజ్‌మెంట్ కంపెనీలున్నాయి. వాళ్ళకు కాగితం, సరుకు రెండూ చదవగలిగిన ఫీల్డ్ ఆఫీసర్లు కావాలి. గోడౌన్ నెట్టు పొడవున 12, వెడల్పున 10, ఎత్తున 15 బస్తాలుంటే 1,800 బస్తాలు, 50 కిలోల చొప్పున 90 టన్నులు. పక్కనుంచి చూసి ఈ లెక్క రాసుకొచ్చేవాడు మోసపోతాడు, ఎందుకంటే నెట్టు మధ్యలో బోలు వదిలి పేర్చే ఘనులున్నారు. పైకెక్కి చూడాలి. మిర్చిలో అయితే ముందు వరసలో తేజ రకం, వెనక తాలుకాయ (రంగుపోయిన నాసిరకం) పెట్టడం, తేమ ఎక్కువున్న టిక్కీలు (మిర్చి బస్తాలు) కలపడం చూసుకోవాలి. ఒకే లాట్ మీద రెండు బ్యాంకుల్లో అప్పు తీసుకోవడం ఇంకో మోసం. దాన్ని అడ్డుకోవడానికే గోడౌన్ల నియంత్రణ సంస్థ డబ్ల్యూడీఆర్ఏ కింద ఎలక్ట్రానిక్ రసీదులు వచ్చాయి. మన దగ్గర కాగితం బాండ్లు ఇంకా పోలేదు కాబట్టి ఈ పరిశీలన ఉద్యోగాలకూ గిరాకీ ఉంది. తిరుగుడు ఎక్కువ, ఫిబ్రవరి నుంచి మే వరకు ఊపిరి సలపదు, బండి తప్పనిసరి.

ప్రభుత్వ ఉద్యోగం మీద ఆశ ఉంటే ఎఫ్‌సీఐలో (భారత ఆహార సంస్థలో) డిపో, అకౌంట్స్ విభాగాల అసిస్టెంట్ పోస్టులకు బి.కాం. పనికొస్తుంది. ఎఫ్‌సీఐ, సెంట్రల్ వేర్‌హౌసింగ్ కార్పొరేషన్లలో టెక్నికల్ పోస్టులు అగ్రికల్చర్, సైన్స్ డిగ్రీల వాళ్ళకే కాబట్టి వాటికి ఫీజు కట్టి పోగొట్టుకోవద్దు. నోటిఫికేషన్లు ఏటా రావు. ఉద్యోగం చేస్తూ చదువుకోమనండి, ఇంట్లో కూర్చుని ఎదురుచూడొద్దు.

చేరాక మూడు నెలలకు ఒక్కసారి అడిగి చూడండి: నిన్న స్టాకులో ఏ తేడా వచ్చింది, ఎందుకొచ్చింది అని. వివరంగా చెప్పగలిగితే అక్కడే ఉండనివ్వండి. స్కానర్ తప్ప ఇంకేం ముట్టుకోనివ్వడం లేదంటే ఇన్‌వర్డ్ సెక్షన్‌కో (సరుకు దించుకునే విభాగం) ఎంఐఎస్‌కో (రిపోర్టులు తయారుచేసే విభాగం) మార్చమని మెయిల్ పెట్టించండి. ఆరు నెలలకూ మార్చకపోతే ఇంకో గోడౌన్ వెతుక్కోవచ్చు. ఉద్యోగం మారినా పీఎఫ్ యూఏఎన్ నంబర్ ఒక్కటే కొనసాగుతుంది, రిలీవింగ్ లెటర్ మాత్రం మర్చిపోకుండా తీసుకోమనండి.