పిస్టల్ మొరాయిస్తే ముందు మేగజైన్‌ను అనుమానించండి

మీ లైసెన్సు పిస్టల్ .32 బోరుదని, కాల్పుల రేంజిలో ఒకసారి పేలిన తూటా ఖాళీ గుల్ల స్లైడ్‌లో (పిస్టల్ పైన ముందుకూ వెనక్కీ జారే భాగంలో) నిలువుగా ఇరుక్కుపోయిందని, మరోసారి పై తూటా ఛాంబర్‌లోకి (గొట్టం మొదట తూటా పేలే గదిలోకి) ఎక్కలేదని, దీన్ని అమ్మేసి రివాల్వర్ కొనుక్కోవడం మేలా అని అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో చాలాకాలం పోలీసు ఆర్మరర్‌గా (ఆయుధాల మరమ్మతు చూసేవాడిగా) పనిచేసిన అనుభవంతో చెబుతున్నాను, అమ్మకం మాట తర్వాత. ముందు మేగజైన్, అంటే తూటాలు నింపే పెట్టె, చూడండి.

తూటా పేలిన బలానికి స్లైడ్ వెనక్కి వెళ్లి ఖాళీ గుల్లను బయటికి విసురుతుంది. దాన్ని వెనక్కి తెచ్చే రీకాయిల్ స్ప్రింగు తోయగా ముందుకు వస్తూ కొత్త తూటాను ఎక్కిస్తుంది. రెప్పపాటులో జరిగే ఈ పనిలో తూటాను సరైన ఎత్తులో, సరైన వాలులో అందించవలసింది మేగజైనే కనుక, దాని నోటి అంచులు వెంట్రుకవాసి వంగినా, లోపలి స్ప్రింగు అలసినా పిస్టల్ ఆగిపోతుంది. మా దగ్గరికి మరమ్మతుకు వచ్చిన 9 ఎం.ఎం. పిస్టళ్లలో చాలావాటికి మేగజైన్ మారిస్తే చాలు, మరే మరమ్మతూ అవసరమయ్యేది కాదు. అందుకే ప్రతి మేగజైన్ అడుగున పెయింటుతో అంకె వేయించేవాడిని; తప్పు ఎప్పుడూ ఒకే అంకె దగ్గర జరుగుతుంటే దొంగ దొరికినట్లే.

మీ బోరుకు మరో చిక్కు ఉంది. .32 తూటా అడుగు అంచు దాని ఒంటికన్నా కొద్దిగా బయటికి పొడుచుకుని ఉంటుంది. మేగజైన్‌లో పై తూటా అంచు కింది తూటా అంచుకు వెనకగా పడితే రెండూ పెనవేసుకుని, స్లైడ్ ఎంత తోసినా కదలవు. ముక్కున గుంట ఉండి, పొడవు తక్కువగా ఉండే హాలో పాయింట్ తూటాలకు లోపల జరగడానికి చోటు మిగులుతుంది కాబట్టి వాటితో ఈ బెడద ఎక్కువ. నింపేటప్పుడు ప్రతి తూటా అంచూ కిందిదాని అంచుకు ముందుండేలా చూసుకోండి.

నిలువుగా ఇరుక్కున్న గుల్లకు కారణాలు వేరు: గుల్లను ఛాంబర్ నుంచి బయటికి లాగే ఎక్స్‌ట్రాక్టర్ కొక్కెం కింద పేరుకున్న మసి, బలం తగ్గిన పాత తూటాలు, లేదా మణికట్టు సడలించి పట్టుకోవడం. మసిని పాత టూత్‌బ్రష్‌తో తీయవచ్చు. కొక్కెం అరిగినా, రీకాయిల్ స్ప్రింగు మార్చవలసి వచ్చినా లైసెన్సున్న ఆయుధ మరమ్మతుదారుకే అప్పగించండి.

సోంపేట, వజ్రపుకొత్తూరు వంటి తీరప్రాంతాల్లో ఉప్పుగాలి ఉక్కును ఊరికే వదలదు. తోలు ఒర తేమను పట్టి ఉంచుతుంది కనుక పిస్టల్‌ను అందులో నిల్వ ఉంచకండి. మేగజైన్ తీసి, ఛాంబర్ ఖాళీ అని కంటితోనూ వేలితోనూ చూసుకున్న తర్వాతే శుభ్రం చేయండి. స్లైడ్ జారే గాడుల్లో ఆయుధాల నూనె ఒక్కో చుక్క చాలు. ఎక్కువైతే దుమ్మును పట్టుకుంటుంది, తూటా అడుగున మందును అంటించే ప్రైమర్‌లోకి ఇంకితే అది పేలదు. మేగజైన్ లోపలంతా పొడిగుడ్డతో తుడవాలి తప్ప నూనె రాయకూడదు. ఉద్దానంలో ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె రాసేవారిని చూశాను. అది చలికాలంలో గడ్డకడుతుంది, నాళ్లు గడిస్తే జిగురుగా మారుతుంది.

ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి. చప్పుడు మామూలుకన్నా మెత్తగా వస్తే మరో తూటా కాల్చనే కూడదు: తూటా ముందు భాగమైన గుండు గొట్టంలోనే ఆగిపోయి ఉండవచ్చు.

ఇక రివాల్వర్ సంగతి. తూటా పేలకపోతే మళ్లీ నొక్కగానే తర్వాతి గది వస్తుంది, నిజమే. కానీ తూటా నుంచి గుండు ముందుకు జారి, తూటాల గదులుండే సిలిండర్ బిగుసుకుంటే రేంజిలో విడదీయడం కష్టం. కొత్త మేగజైన్‌తో మీ పిస్టల్‌ను ఒకసారి కాల్చి చూశాక ఆ విషయం ఆలోచించండి.