ఎన్నిసార్లు ఎయిర్ తీసినా క్లచ్ మెత్తగానే ఉంటోంది

ప్రశ్న: మా పాత పికప్ ట్రక్కుకి క్లచ్ స్లేవ్ సిలిండర్ కారుతుంటే కొత్తది వేశాం. తర్వాత మూడుసార్లు ఎయిర్ తీశాం. అయినా పెడల్ సగం దాకా మెత్తగా దిగిపోతోంది, రివర్స్ వేస్తే గేర్ కరకరమంటోంది. నాలుగైదుసార్లు వరసగా తొక్కితే కాసేపు బాగుంటుంది. మాస్టర్ సిలిండర్ కూడా మార్చాలా?

జవాబు: అప్పుడే మార్చకండి. పెడల్ తొక్కితే దాని దగ్గరుండే మాస్టర్ సిలిండర్ ఆయిల్‌ని పైపులోకి నెడుతుంది, ఆ ఒత్తిడితో గేర్‌బాక్స్ దగ్గరుండే స్లేవ్ సిలిండర్ క్లచ్‌ని విడదీస్తుంది. ఆ ఆయిల్‌లో చేరిన గాలిని బయటికి పంపడమే ఎయిర్ తీయడం. వరసగా తొక్కితే పెడల్ గట్టిపడుతోందని మీరే రాశారు, అలా జరిగితే చాలావరకు లోపల గాలి మిగిలిందనే అర్థం. మాస్టర్‌లో వాషర్లు పోతే, తొక్కి పట్టుకున్న పెడల్ మీ కాలు కిందే మెల్లగా నేలకి జారిపోతుంది. ఇంజన్ ఆపేసి ఒక నిమిషం తొక్కి పట్టుకుని చూడండి.

గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి ఎయిర్ తీసే నిపుల్ (గాలి వదిలే చిన్న స్క్రూ) స్లేవ్ సిలిండర్‌లో అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి. చాలా పాత బళ్లలో స్లేవ్ ఏటవాలుగా కూర్చుంటుంది, బుడగ నిపుల్ దగ్గరికి రాకుండా ఓ మూల నక్కుతుంది, మీరు సీసాలకు సీసాలు పోసినా ఆయిల్ దాని పక్కనుంచే వెళ్లిపోతుంది. స్లేవ్ గేర్‌బాక్స్ బయట ఉంటే దాని బోల్టులు విప్పి, పైపు మాత్రం విప్పకుండా, పైపు వచ్చే వైపు ఎత్తుగా ఉండేలా పట్టుకుని పుష్ రాడ్‌ని (స్లేవ్ లోంచి బయటికొచ్చి క్లచ్‌ని నెట్టే కడ్డీ) చేత్తో నిదానంగా లోపలికి నొక్కి వదలండి. ఇలా పదిసార్లు చేస్తే బుడగలు పైన క్లచ్ ఆయిల్ ట్యాంకులోకి వచ్చేస్తాయి. ట్యాంకు అంచు దాకా నింపి ఉంచకండి, పొంగుతుంది. ఇంకొకటి, స్లేవ్ ఊడదీసి ఉన్నంతసేపూ ఎవరూ క్లచ్ తొక్కకూడదు, తొక్కారంటే పిస్టన్ బయటికి వచ్చేస్తుంది. స్లేవ్ గేర్‌బాక్స్ లోపల ఉండే రకమైతే ఇది కుదరదు, సిరంజితో నిపుల్ నుంచి పైకి ఆయిల్ ఎక్కించడమే మంచి దారి.

తర్వాత మామూలుగా ఒక్కసారి ఎయిర్ తీయండి. ఒకరు పెడల్ నిదానంగా తొక్కి పట్టుకోవాలి, రెండోవారు నిపుల్ వదులు చేసి, పెడల్ పైకి లేవకముందే బిగించాలి. గబగబా కొడితే ఆయిల్ నురగ కడుతుంది, అక్కడే అందరూ తప్పు చేస్తారు. క్లచ్ ట్యాంకు చిన్నది, నాలుగైదు తొక్కుళ్లకోసారి చూసుకోకపోతే ఖాళీ అయి మళ్లీ గాలి లాగేస్తుంది, చేసిన పనంతా వృథా.

ట్యాంకు మూత మీద డాట్ 3 అనో డాట్ 4 అనో (ఇవి బ్రేక్ ఆయిల్ రకాలు) రాసి ఉంటుంది, అదే పోయండి. ఎప్పుడో తెరిచిన సీసా వద్దు, ఈ ఆయిల్ గాలిలోని తేమ పీల్చుకుంటుంది. కొత్త డాట్ 3 కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పడితే అది 140కి పడిపోవచ్చు. ఇంజన్ ఆయిల్ చుక్క కూడా తగలనివ్వకండి, రబ్బర్లు ఉబ్బిపోతాయి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడిగేయండి.

గాలి లేదని తేలాక కూడా మెత్తగానే ఉంటే, ఒకరు క్లచ్ తొక్కుతుండగా రబ్బరు గొట్టాన్ని పట్టుకుని చూడండి, చేతిలో ఉబ్బితే దాన్ని మార్చాలి. కొన్నాళ్లకి మళ్లీ మెత్తబడితే ఎక్కడో కారుతున్నట్టే. క్యాబిన్ లోపల పెడల్ పైన, మాస్టర్ రాడ్ దగ్గర తడి ఉందేమో చెయ్యి పెట్టి చూడండి. అక్కడ తడి తగిలితే మాత్రం మాస్టర్ మార్చాల్సిందే.